పడిన గుర్రాల పేర్లు

ఆయన పోయాడని తెలిసిన రోజు నేను పర్చూరు సెంటర్లో రోడ్డు దాటలేకపోయాను.

చెప్పింది పురుగుమందుల కొట్టు దగ్గర కనబడిన మా ఊరి మనిషి. "మీ బాబాయ్ పోయాడు గదమ్మా, లాడాల సాయిబు. శుక్రవారం మట్టి చేశారు" అన్నాడు, కరెంటు పోయిందని చెప్పినంత మామూలుగా. తన మందు డబ్బా చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. నేను రోడ్డు పక్కనే నిలబడిపోయాను. లారీ పోయింది, పత్తి బోరేల ట్రాక్టరు పోయింది, రోడ్డు ఖాళీ అయింది. కాలు మాత్రం లేవలేదు. పక్కన ఆయన ఉండి నా మణికట్టు పట్టుకుని, "అటు చూడు, ఇటు చూడు, మళ్లీ అటు చూడు తల్లీ, మనం ఇటు చూసినంతసేపూ అటు నుంచి వచ్చేవాడు ఖాళీగా కూర్చోడు" అంటున్నట్టే ఉంది. చివరికి ఎవరో కాలేజీ అమ్మాయి "దాటిద్దామా ఆంటీ?" అని చెయ్యి పట్టుకుంది. నలభై ఇంకా నిండని దాన్ని, సిగ్గేసింది. అయినా ఆ చెయ్యి వదల్లేదు.

బాబాయ్ అంటే రక్తసంబంధం ఏమీ లేదు. మా అత్తగారి ఇంటికి కొంచెం అవతల ఉండేవాడు. ఎడ్లకు, గుర్రాలకు లాడాలు కొట్టేవాడు. ఊళ్లో ఎవరూ ఆయన్ని అసలు పేరుతో పిలవగా నేను వినలేదు. ఎదురుగా 'సాయిబు గారూ' అనేవాళ్లు, పక్కకు తిరిగి 'పిరికి సాయిబు' అనేవాళ్లు. రెండూ ఆయనకు వినబడేవి. రెండింటికీ పలికేవాడు.

నేను కొత్తగా కాపురానికి వచ్చిన రోజులు. పంపు దగ్గర నీళ్లు పట్టుకుని వస్తుంటే సందులో ఒక ఎద్దు అడ్డంగా నిలబడి ఉంది. ఇవతల బిందెతో నేను, అవతల సుత్తి సంచీతో ఆయన. ఎద్దు కదలదు, మేమిద్దరం కదలం.

"ఎవరింటి కోడలివమ్మా?" అని ఎద్దు మీదుగా అడిగాడు.

చెప్పాను.

"నువ్వు వెళ్లు తల్లీ, నిన్నేం అనదు. దీనికి పోయిన వారం లాడాలు కొట్టింది నేనే. నా మీద కోపం ఉన్నా ఉండొచ్చు."

"నాకూ భయమేస్తోంది బాబాయ్" అన్నాను. ఆ పిలుపు ఎట్లా వచ్చిందో తెలియదు, నోటికొచ్చింది.

"అయితే నిలబడదాం" అన్నాడు. నిలబడ్డాం. ఎద్దు తన ఇష్టం వచ్చినప్పుడు వెళ్లింది. ఆలస్యమైనందుకు ఇంటి దగ్గర నాకు పడాల్సిన చీవాట్లు పడ్డాయి.

అలాంటి భయస్తుణ్ణి నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఆగి ఉన్న బస్సును "ఆగిందా?" అని అడిగి మరీ ఎక్కేవాడు. మా ఇంటికొస్తే ఫ్యాను కింద కూర్చునేవాడు కాదు. "తిరిగేది ఏదైనా ఎప్పుడో ఒకప్పుడు తిరగడం మానేస్తుందమ్మా, ఆ రోజు మనం కింద ఉండకూడదు" అని గోడవారకు జరిగేవాడు. కుక్కరు మొదటి కూతకే చెప్పుల్లో కాళ్లు పెట్టేవాడు, రెండో కూతకు వీధిలో ఉండేవాడు. ఎవరైనా తుమ్మితే ఆగేవాడు, పిల్లి ఎదురొస్తే ఆగేవాడు, ఏదీ ఎదురురాకపోతే "ఇంత సాఫీగా ఉందేంటి?" అని ఆగేవాడు.

అలాంటివాడికి దొరికిన పని చూడండి. ఎద్దునైతే తాడేసి పడగొట్టి, కాళ్లు కట్టి కొట్టొచ్చు. గుర్రాన్ని అట్లా పడేయరు. అది నిలబడి ఉండగానే కాలెత్తి ఒళ్లో పెట్టుకోవాలి. వెనక కాలి దగ్గరకు వెళ్లేటప్పుడు ఆయన పైకే మాట్లాడేవాడు. "ఇదిగో వస్తున్నా. ఇటు నుంచే వస్తున్నా. ఇది నా చెయ్యి. ఇది సుత్తి, చూసుకో" అని ప్రతిదీ దానికి చెప్పేవాడు. చెప్పకుండా ముట్టుకుంటే దానికి భయమట, దానికి భయమేస్తే తనకు చావట. దిగగొట్టిన మేకు వాలిందేమోనని దాని మీద వేలుంచి కళ్లు మూసుకునేవాడు. గుర్రం వెళ్లిపోయాక గోడకు ఆనుకుని కాసేపు ఊపిరి పీల్చుకునేవాడు. జీవితమంతా అదే పని, ఒక్కసారి కూడా అలవాటు కాలేదు.

నాకాయన ఎందుకు నచ్చాడో చెబుతాను. మా వైపు మగవాడికి కోపం వస్తుంది, కడుపుమంట వస్తుంది, అనుమానమైతే చెప్పక్కర్లేదు. భయం మాత్రం రాదు. వచ్చినా దాని పేరు పెట్టి పిలవరు. ఒకడు పని ఉందంటాడు, ఒకడు ఒంట్లో నలతగా ఉందంటాడు. 'భయమేసింది' అన్న ముక్క ఆడవాళ్లకు, చంటిపిల్లలకు వదిలేశారు. మగపుట్టుక పుట్టి ఆ మాటను పట్టపగలు నలుగురిలో అనేవాడు మా ఊరు మొత్తానికి ఈయనొక్కడే.

ఇక ఆడగుర్రాల పందెం సంగతి చెప్పాలి. ఇప్పటి పిల్లలకు అలాంటిదొకటి ఉండేదని కూడా తెలియదు.

ఊరికి పడమర దర్గా ఉంది. ఎండాకాలం మొదట్లో ఉరుసు. పూర్వం ఆ ఉరుసుకు గుంటూరు నుంచి, చీరాల నుంచి, కొత్తపట్నం పల్లెల నుంచి కూడా జనం జట్కాల్లో వచ్చేవాళ్లట. గంధం ఎత్తిన మర్నాడు జట్కావాళ్లు గుర్రాలను విప్పి, పత్తికట్టె పీకేసిన చేలో పరుగు పెట్టించేవాళ్లు. మొదట్లో మగా ఆడా అన్నీ పరుగెత్తేవి. ఒక ఏడు పందెం మధ్యలో ఒక మగగుర్రం ఒక ఆడగుర్రం వెంటబడి, రెండూ వెళ్లి మిఠాయి కొట్ల మీద పడ్డాయట. జనం కాళ్లకింద జనం నలిగారు. పెద్దలు కూర్చుని, ఇక మగగుర్రం పొలిమేర దాటి లోపలికి రాకూడదని కట్టడి చేశారు. అప్పటి నుంచీ ఆడగుర్రాల పందెమే. ఈనని పిల్లలకు ముందు, ఈనిన తల్లులకు తర్వాత. దూకేవి, దాటేవి ఏమీ లేవు. వాగు కట్ట దగ్గర మొదలు, దర్గా జెండా దగ్గర ఆఖరు, మధ్యలో చదును నేల. గెలిచినదానికి నుదుట గంధం, మెడలో బంతిపూల దండ.

ఇంకో కట్టడి కూడా ఉంది. ఆడగుర్రాల పందేనికి ఆడవాళ్లు రాకూడదు. మగగుర్రం చేసిన తప్పుకు మమ్మల్నెందుకు ఆపారని మా అత్తను అడిగితే, "నీకు నోరెక్కువే" అంది. అడ్డు ఉన్నచోట సందు కూడా ఉంటుంది. పందెం చేనుకు ఆనుకునే మిరపకాయల కళ్లం ఉండేది. ఎండబోసిన కాయల్లో తెల్లబడ్డ తాలుకాయలు ఏరేవాళ్లను ఎవరు వద్దంటారు? పందెం రోజున ఊళ్లో ఆడవాళ్లందరికీ తాలుకాయల మీద ఎక్కడలేని శ్రద్ధ పుట్టేది. ముక్కులకు కొంగులు చుట్టుకుని, చేతులు కాయల్లో, చూపులు చేలో.

నేను వచ్చేసరికి జట్కాలు పోయి ఆటోలు దిగాయి. పిల్లలకో పందెం, తల్లులకో పందెం పెట్టడానికి గుర్రాలు చాలక అన్నిటినీ కలిపి ఒకేసారి తోలేవాళ్లు. అయినా ఊరికి ఆ పందెమంటే మహా గొప్ప. దాని చరిత్ర అడిగితే ఎవడైనా గెలిచిన గుర్రాల పేర్లు వరసబెట్టి చెప్పేవాడు. బాబాయ్‌ని అడిగితే పడినవాటి పేర్లు చెప్పేవాడు.

కొలిమి దగ్గర కూర్చుని లాడం సాగగొడుతూ, దెబ్బకో పేరు. "చిలక. అది జెండా కనబడే దాకా వచ్చి పడింది. ముత్యాలు. దానికి ముందుకాలు. హసీనా. పాపం పిల్లది, అదే మొదటి పరుగు. గాజులు. పడి లేచింది, ఏం కాలేదని సంతోషపడ్డారు, ఇంటికెళ్లాక తెలిసింది."

"కాలు విరిగితే ఏం చేస్తారు బాబాయ్?"

సుత్తి ఆపాడు. "నిలబడలేని గుర్రాన్ని ఏం చేస్తారమ్మా? వాగు అవతలికి తీసుకుపోతారు."

"మరి పైనున్నవాళ్లు?"

"కొందరు లేచారు" అన్నాడు.

సితార అన్న పేరు దగ్గర మాత్రం ఎప్పుడూ ఆగి మంచినీళ్లు తాగేవాడు. ఒకసారి తనే చెప్పాడు. "దానికి ముందురోజు లాడం కొట్టింది నేను. మేకు వాలిందో, కాలు నెర్రెలో దిగిందో తేలలేదు. నెర్రేలే అన్నారు అందరూ, నా మొహం చూసి. ఏమో తల్లీ. చెయ్యి నాదే గదా, అదేం చేసిందో నాకే తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?" అని అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. ఆ రోజు నాకు ఆయన మీద నవ్వు రాలేదు.

మా నేల సంగతి తెలిసినవాళ్లకు నెర్రెల గురించి చెప్పనక్కర్లేదు. నల్లరేగడి వానాకాలం బంకలా సాగుతుంది, ఎండలు ముదిరితే నోళ్లు తెరుస్తుంది. చెయ్యి పెడితే మోచెయ్యి దాటి పోయే నెర్రెలుంటాయి. ఏటా ఉరుసు ముందు బాబాయ్ చెప్పులు విడిచి ఆ చేనంతా నడిచేవాడు. కర్రతో పొడుస్తూ, నెర్రెల్లో మట్టిపెళ్లలు, పత్తికట్టె ముక్కలు కూరుతూ తిరిగేవాడు. ప్రతి ఏడూ "ఈసారి వద్దయ్యా, నేల బాగోలేదు" అనేవాడు. ఒక ఏడు ఆయన మాట విని నిజంగానే ఆపి తవ్వి చూశారు. లోపల్నుంచి పందికొక్కు ఒకటి బయటికొచ్చి జనం కాళ్ల మధ్య నుంచి పారిపోయింది. ఇక ఊరు నవ్విన నవ్వు నవ్వకుండా నవ్వింది. ఆ తర్వాత ఆయన ఏం చెప్పినా "మళ్లీ పందికొక్కా సాయిబూ?" అనేవాళ్లు.

ఇట్లా ఉండగా మా ఆయనకు బుద్ధి పుట్టింది. గుంటూరు యార్డుకు మిరపకాయలు తోలుకుని వెళ్లిన మనిషి గుర్రంతో తిరిగొచ్చాడు. నల్లపాడులో ఎవరో జట్కా మానేసి ఆటో కొనుక్కుంటూ దాన్ని వదిలించుకుంటే, ఈయన తగిలించుకున్నాడు. ఎర్రగా, సన్నగా ఉండేది. పేరు మైనా. తన నీడ చూసి తనే అదిరిపడేది. మా పిల్ల అప్పటికి పాలు తాగుతోంది. వాకిట్లో గుర్రాన్ని కట్టేసి, "ఈ ఏడు పందెం మనదేనే" అన్నాడు.

"ఎవరు తోలతారు?" అన్నాను.

"ఎవరేంది? నేనే."

ఈయన ఎడ్లను తోలాడు, ట్రాక్టరు తోలాడు. గుర్రం ఎక్కడం అంటే పెళ్లిలో ఫొటోకి ఎక్కిందే. రోజూ పొద్దున్నే వాగు కట్ట మీద పరుగెత్తించేవాడు. ఆ డెక్కల చప్పుడు వినబడుతున్నంతసేపూ నాకు చేతిలో పని సాగేది కాదు. ఆగిపోతే ఇంకా భయం, ఎందుకు ఆగిందోనని.

"ఎవరినన్నా తేలికపాటి మనిషిని పెట్టి తోలించకూడదా?" అని బతిమాలాను.

"నా గుర్రం మీద ఇంకోడు కూర్చునేదేందే? చేతకానోణ్ణనుకున్నావా?"

"నాకు భయంగా ఉందయ్యా."

"ఎందుకుండదు? ఆ పిరికి సాయిబు కొలిమి దగ్గర కూర్చుని కూర్చుని నువ్వు కూడా అట్టాగే తయారయ్యావు."

మా అత్త కొడుకు వైపు. పందెం పెద్ద మా పెదమామగారే, ఆయనైతే తమ్ముడి కొడుకు దిగుతున్నాడని మీసం దువ్వాడు. నా వైపు నిలబడింది బాబాయ్ ఒక్కడే. ఆయన నిలబడటం వల్ల నా మాటకు ఉన్న విలువ కూడా పోయింది.

పందెం దగ్గరపడ్డాక ఒక సాయంత్రం జల్లు కొట్టింది. నేల తడిసీ తడవనట్టు తడిసింది. కుర్రాళ్లకు ఉత్సాహం వచ్చి, ట్రాక్టరుకు గుంటక కట్టి పందెం చేనంతా లాగించారు. గుంటక లోతుకు దున్నదు. కింద అడ్డంగా ఉన్న ఇనుప పట్టీతో పైపై మట్టిని గీరి పరుస్తుందంతే. విత్తనాలప్పుడు చెయ్యాల్సిన పని పందేనికి చేశారు. ఒక్క నెర్రె కనబడకుండా చేను నున్నగా పరుచుకుంది. "అద్దంలా చేశామమ్మా ఈసారి. సాయిబుకు కూడా వంకపెట్టడానికి ఏం లేదు" అని మా వాకిట్లో నిలబడి చెప్పుకున్నారు. నిజం చెప్పొద్దూ, నాక్కూడా ప్రాణం కుదుటపడింది.

మర్నాడు పొద్దున్నే బాబాయ్ వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది.

"అమ్మాయ్, మీ ఇంట్లో గునపం ఉందా?"

తీసిచ్చాను. ఉండబట్టలేక, పిల్లను చంకనేసుకుని వెనకే వెళ్లాను. చేలో కొంత దూరం పాదంతో తడుముతూ నడిచి, ఒకచోట ఆగాడు. పైకి ఏమీ లేదు. నున్నటి మట్టి. గునపాన్ని నిలువుగా పెట్టి రెండు చేతులూ వదిలేశాడు.

గునపం పక్కకు పడలేదు. దిగిపోయింది. ఎవరూ తొయ్యకుండా, చప్పుడు లేకుండా సగానికి పైగా లోపలికి పోయి ఆగింది. పిల్లను రెండు చేతులతో పట్టుకున్నాను. నా కాళ్ల కింద ఏముందో నాకు తెలియదు.

"నెర్రె కనబడితే గుర్రం చూసుకుంటుందమ్మా" అన్నాడు మెల్లగా, నేలకు వినబడకూడదన్నట్టు. "దానికి నాకంటే భయం ఎక్కువ. భయపడేదాని కాలు చూసి పడుతుంది. ఇప్పుడేం చూస్తుంది? వీళ్లు చదును చేశామంటున్నారు. చదును కాదిది, మూత పెట్టారు."

పెదమామగారి దగ్గరకు వెళ్లి చెప్పాడు. నేను గుమ్మం పక్కన నిలబడి విన్నాను. ఆయన అరుగు మీద చుట్ట కాలుస్తూ మొత్తం విని, "ఈసారి పందికొక్కు ఎంత ఉంది సాయిబూ?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. కోడల్ని, ఆ అరుగు ముందు నోరెత్తకూడదు. అయినా "నేను కళ్లారా చూశాను మామయ్యా, గునపం దిగిపోయింది" అన్నాను. "ఆడపిల్లవి, నీకెందుకమ్మా ఇవన్నీ, ఇంట్లోకి పో" అన్నాడు. మెత్తగానే అన్నాడు. మెత్తగా అన్నదానికి ఎదురు చెప్పడం ఇంకా కష్టం.

ఇంట్లోకి వెళ్లి ముగ్గు డబ్బా తీసుకుని బాబాయ్‌తో చేలోకి వెళ్లాను. ఆయన గునపంతో పొడుస్తూ ముందు నడిచాడు, దిగిన చోటల్లా నేను ముగ్గు గీత పోశాను. ఎండ నెత్తి మీదికి వచ్చేదాకా పోశాం. చేను సగం తెల్లబడింది. అన్నిటికంటే పెద్దది జెండాకు కొంచెం ఇవతల, గుర్రాలు బాగా ఊపందుకునే చోట. గునపం మొత్తం దిగబోతే బాబాయ్ పట్టుకుని లాగాడు. అక్కడ డబ్బా అడుగున ఉన్నదంతా గుమ్మరించాను.

పందెం రోజు పొద్దున కుర్రాళ్లు ముగ్గు చూశారు. పందెం నేల మీద ఆడవాళ్ల ముగ్గేంటి, అపశకునం కాదా అనుకున్నారు. మళ్లీ గుంటక తోలారు.

నేను కళ్లంలోకి వచ్చేసరికి చేను అద్దంలా ఉంది. ఒక్క తెల్ల గీత లేదు. ఎండకు మిరపకాయల ఘాటు లేచి ముక్కులు మండుతున్నాయి. పక్కన మా అత్త పిల్లను ఒళ్లో పెట్టుకుని తాలు ఏరుతోంది. నా చేతికి ఏ కాయ వస్తోందో నాకు తెలియడం లేదు. వాగు కట్ట మీద గుర్రాలు వరసగా నిలబడ్డాయి. అంత దూరం నుంచి కూడా ఎర్రది, మా మైనా, పక్కలకు గెంతుతూ కనబడుతోంది. దాని మీద మా ఆయన తెల్ల బనీను. దేవుడికి మొక్కుకుందామంటే ఏ దేవుడి పేరూ గుర్తురాలేదు.

తువ్వాలు ఊపారు. గుర్రాలు కదిలాయి. అదే సమయంలో దర్గా వైపు నుంచి బాబాయ్ చేలోకి దిగాడు.

మొదట జనం నవ్వారు. ఎటు పోతున్నావయ్యా అని కేకలేశారు. ఆయన తలొంచుకుని, నేల చూసుకుంటూ, పాదంతో తడుముకుంటూ నడిచాడు. ఒకచోట ఆగాడు. ముగ్గు డబ్బా గుమ్మరించిన చోటు అదేనని నాకు తెలిసిపోయింది. జేబులోంచి ఎర్రగుడ్డ ఒకటి తీశాడు, అక్కడ పెట్టి రావాలని కాబోలు. తలెత్తాడు. గుర్రాలు అప్పటికే సగం చేను దాటాయి. ఆయన చేతిలో గుడ్డ చేతిలోనే ఉండిపోయింది.

నవ్వులు ఆగాయి. "పక్కకు రావయ్యా" అని అరుపులు. ఆయన రాలేదు. నేల అదురుతోంది, కళ్లంలో మా కాళ్ల కిందికి కూడా వస్తోంది ఆ అదురు. అన్నిటికంటే ముందు మైనా. మా ఆయన కళ్లేలు గుంజుతున్నాడు, అది ఆగడం లేదు. నేను అరిచానో లేదో నాకు తెలియదు. మా అత్త మాత్రం పిల్ల మొహం కొంగుతో కప్పేసింది.

మైనా ఆయన్ని చూసింది. తన నీడకే అదిరిపడే గుర్రం, ఎదురుగా మనిషిని చూసి ఒక్క విసురున పక్కకు తిరిగింది. వెనకవి అటు కొన్ని, ఇటు కొన్ని చీలిపోయాయి. దుమ్ములో ఆయన కనబడలేదు. మైనా నేరుగా కళ్లంలోకి వచ్చి మిరపకాయల రాశుల్లోకి దూసుకుపోయింది. ఆడవాళ్లం తలో దిక్కు పరుగెత్తాం. ఘాటుకు అందరికీ తుమ్ములు, కళ్లలో నీళ్లు. మా ఆయన గుర్రం మెడను కరుచుకుని ఉన్నాడు. పడలేదు. ఏ గుర్రమూ పడలేదు.

దుమ్ము అణిగాక చూస్తే బాబాయ్ అక్కడే ఉన్నాడు. చేతిలో ఎర్రగుడ్డ. లుంగీ ముందంతా తడిసిపోయి ఉంది.

మా ఆయన కిందికి దూకి చెర్నాకోలతో ఆయన మీదికి వెళ్లాడు. నేను వెనకే పరుగెత్తాను. కట్టడి గుర్తులేదు, గుర్తున్నా ఆగేదాన్ని కాదు. ఇద్దరి మధ్యకు వెళ్లి నిలబడ్డాను. పెదమామగారు కూడా ఊగిపోతూ వచ్చాడు. "చావడానికి నీకు మా పందెమే దొరికిందా సాయిబూ? పక్కకెందుకు రాలేదు?"

బాబాయ్ తన కాళ్ల వంక చూసుకున్నాడు.

"భయమేసిందయ్యా. కాళ్లు రాలేదు."

జనం ఒక్కసారిగా నవ్వారు. భయం తీరినాక వచ్చే నవ్వు అది, ఆపుకోలేనిది. లుంగీ చూపించి నవ్వారు. ఆయన రెండు చేతులూ ముందు అడ్డం పెట్టుకున్నాడు. నేను నా తలకు చుట్టుకున్న గుడ్డ విప్పి ఇస్తే నడుముకు చుట్టుకున్నాడు.

"మళ్లీ తోలండ్రా" అన్నాడు పెదమామగారు. ఇద్దరు కుర్రాళ్లు బాబాయ్‌ని చెరో రెక్క పట్టుకుని ఎత్తి తీసుకెళ్లి గట్టు మీద కూర్చోబెట్టారు. గుర్రాలను వాగు కట్ట వైపు మళ్లించారు. మా ఆయన నా వంక చూడలేదు. కళ్లంలోంచి మైనాను లాక్కొచ్చి ఎక్కాడు. నా లోపల ఇక ఏమీ మిగల్లేదు, ఏడుపు కూడా.

అప్పుడు బాబాయ్ గట్టు మీద నుంచి లేచాడు. ఒక్కో అడుగూ తడుముకుంటూ చేలోకి దిగి, మళ్లీ అదే చోటికి వెళ్లి నిలబడ్డాడు. ఈసారి కళ్లు మూసుకున్నాడు.

"ఏం సాయిబూ" అని ఎవరో అరిచారు, "ఇందాక కాళ్లు రాలేదన్నావు, ఇప్పుడొచ్చాయా?"

"వచ్చాయయ్యా. ఇక్కడికే వచ్చాయి" అన్నాడు కళ్లు తెరవకుండా.

ఎవరూ నవ్వలేదు. "మీరు తోలండ్రా, గుర్రాలు మీదికొస్తే వాడే తప్పుకుంటాడు" అన్నాడు పెదమామగారు. గుర్రాల మీద ఉన్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కట్ట దాకా వెళ్లకుండానే మా ఆయన గుర్రం ఆపాడు. చాలాసేపు బాబాయ్ వైపు చూశాడు. దిగాడు.

"ఏరా, ఏమైంది?" అన్నాడు పెదమామగారు.

"నేను తోలను పెదనాన్నా."

"ఏం?"

"భయంగా ఉంది."

చెర్నాకోల కింద పడేశాడు. మాట మామూలుగానే అన్నాడు, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఆ తర్వాత ఇంకొకడు తన గుర్రానికి కాలు సలుపుతోందన్నాడు. మరొకడికి ఇంటి దగ్గర పని గుర్తొచ్చింది. అట్లా ఒక్కొక్కరే దిగారు. ఆ ఏడు బంతిపూల దండ దర్గా జెండాకే కట్టారు. మళ్లీ ఏడు పందేనికి ఎవరూ గుర్రం తేలేదు.

మా ఆయన కళ్లేలు పట్టుకుని చేను మధ్యలో నిలబడ్డాడు. అంత దూరం పరుగెత్తించిన నేల మీద ఇప్పుడు అడుగు తీసి అడుగు వెయ్యడానికి ఆలోచిస్తున్నాడు. "బాబాయ్" అని పిలిచాడు. అంతకుముందెప్పుడూ అట్లా పిలవలేదు. "ఎటు నుంచి రమ్మంటావు?"

బాబాయ్ కళ్లు తెరిచాడు. మెల్లగా మా ఆయన దగ్గరకు నడిచి, వెనక్కు తిరిగి ముందు నడవడం మొదలుపెట్టాడు. ఆయన పాదం ఎత్తిన చోట మా ఆయన పాదం పెట్టాడు. మా ఆయన వెనక మైనా, ముక్కు నేలకు ఆనించి వాసన చూసుకుంటూ, కాలు తర్వాత కాలు వేసింది. నేను అత్త ఒళ్లోంచి పిల్లను తీసుకుని కళ్లం అంచున నిలబడ్డాను. ఆ గుర్రం వెనక కాళ్లు కూడా గట్టు మీదికి ఎక్కేదాకా ఊపిరి తీసుకోలేదు.